దీపము, తెర, నిద్ర

గత శీతకాలమున మా తల్లిగారు స్వగ్రామమునుండి ఢిల్లీకి వచ్చి మా క్వార్టరులో రెండు మాసములు ఉండిరి. ఒకనాటి రాత్రి పన్నెండు గంటల వేళ ఆమె మంచినీళ్ళ కొరకు లేచి నడవలోనికి వచ్చిరి. ఇంటిలో దీపములన్నియు ఆర్పి అప్పటికి గంటన్నర దాటినది. అయినను ముందు గదిలో నా ముఖముమీదను, లోపలి గదిలో పదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి ముఖముమీదను పాలిపోయిన నీలివెలుగు పడుచుండెను. ఆమె క్షణకాలము నిలిచి, “దీపాలన్నీ ఆర్పేశాక కూడా మీ ఇంట్లో చీకటి పడలేదేమిట్రా?” అని అడిగిరి.

నేను ఫోనును బోర్లించి పడుకొంటిని గాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు. నేను వైద్యుడను కాను. భౌతికశాస్త్రము చదివినవాడను కాను. కళాశాలలో చరిత్ర చదివి, తరువాత ఇరువది యేండ్లుగా ఫైళ్ళ నడుమ కాలము గడుపుచున్నవాడను. కావున ఆ ప్రశ్నకు సమాధానమును నాకు తెలిసిన త్రోవలోనే, అనగా చరిత్రలోనే వెదకితిని. మన పెద్దలకు రాత్రి ఎట్లు ముగిసెడిది? ఆ ముగింపు మనకు ఎప్పుడు తప్పిపోయినది? ఈ రెండు ప్రశ్నలకు నాకు దొరికిన సమాధానమును మన సంఘ సభ్యుల ముందుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన పూర్వులు రాత్రిని జాములుగా పంచుకొనిరి. జాము అనగా మూడు గంటలు. రాత్రికి నాలుగు జాములున్నను సంస్కృతమున దానికి ‘త్రియామ’ అను పేరు కలదు. మొదటి జామున సగమును, కడపటి జామున సగమును పగటి వ్యవహారములలో కలిసిపోవును గనుక మిగిలినవి మూడే జాములని పెద్దలు వివరింతురు. రాత్రి కేవలము పగలు లేని కాలము కాదనియు, దానికి తనదైన మొదలు, తనదైన తుది కలవనియు ఈ పేరు తెలుపుచున్నది. చరక సంహిత శరీరమును నిలుపు మూడు ఉపస్తంభములలో ఆహారమునకు తోడుగా నిద్రను చేర్చినది. తిండికి ఎంత గౌరవమో నిద్రకును అంత గౌరవము.

అయితే సామాన్యుని నిద్రవేళను నిర్ణయించినది శాస్త్రము కాదు, నూనె. ఆముదపు ప్రమిద వెలిగినంతసేపు ఖర్చు. “దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి” అను సామెత నేడు మనకు నీతివాక్యముగా వినబడును గాని, పుట్టిననాడు అది ఇంటి లెక్క. చమురు తరిగిపోవుచున్నది, పని ముగింపుము అని దాని అర్థము. రాత్రికి ముగింపు చెప్పినది ఆ చమురే.

నాడు జనులు మేలుకొననే లేదని చెప్పుట సరికాదు. తోలుబొమ్మలాట, వీధిభాగవతము తెల్లవారువరకు సాగెడివి. శివరాత్రికి ఊరెల్ల జాగరణ చేసెడిది. కాని ఆ జాగరణకు ఒక తిథి ఉండెను. మరునాటి పగటి నిద్రకు లోకము అనుమతి ఇచ్చెను. నేటి మన జాగరణకు తిథి లేదు, వ్రతము లేదు, పారణ లేదు.

రాత్రిని వెలిగించు ప్రయత్నము మొదట నగరములలో ఆరంభమైనది. 1667లో ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ పాలనలో పారిస్ వీధులయందు కొవ్వొత్తి లాంతరులు వ్రేలాడదీయబడినవి. 1807లో లండను నగరమున పాల్‌మాల్ వీధి గ్యాసు దీపములతో వెలిగినది. 1812లో గ్యాసును సరఫరా చేయుటకై ఒక కంపెనీయే ఏర్పడినది. 1879 అక్టోబరులో ఎడిసన్ ప్రయోగశాలలో నూలుదారమును బొగ్గుగా మార్చి చేసిన తంతువు గంటల తరబడి వెలిగినది. మూడేండ్లకు, 1882 సెప్టెంబరు 4వ తేదీన, న్యూయార్కు పెర్ల్ స్ట్రీట్ కేంద్రమునుండి ఇండ్లకు, కార్యాలయములకు విద్యుత్తు పారినది. నిద్ర ఎక్కువగా పోవుట వ్యర్థమని ఎడిసన్ బహిరంగముగనే చెప్పెడివాడు. దీపమును చేసినవాని మనస్సులో రాత్రి ఒక లోపము. దానిని సరిదిద్దుట తన కర్తవ్యము.

ఆ వెలుగు మన దేశమునకు వచ్చుటకు ఆలస్యము కాలేదు. 1879లోనే కలకత్తాలో విద్యుద్దీపమును ప్రదర్శించిరి. 1899లో ఆ నగరమునకు విద్యుత్ సరఫరా ఆరంభమైనది. 1905లో శివసముద్రపు జలవిద్యుత్తుతో బెంగుళూరు వీధులు వెలిగెను. కాని నగరము వేరు, పల్లె వేరు. 1947లో దేశము మొత్తమున విద్యుత్తు గల గ్రామములు సుమారు 1,500 మాత్రమే. మన ప్రాంతమున 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము పనిచేయనారంభించిన తరువాతనే గోదావరి, విశాఖ ప్రాంతములకు వెలుగు విస్తరించుటకు బలము చేకూరెను. మా తల్లిగారి బాల్యము కిరసనాయిలు బుడ్డి వెలుగున గడచినది. వారి పుట్టింటికి కరెంటు వచ్చునప్పటికి ఆమె అత్తవారింటికి వెళ్ళిపోయిరి. ఆ బుడ్డి చిమ్నీని ప్రతి సాయంకాలము బూడిదతో తుడుచుట తన పని అని ఆమె నేటికిని చెప్పుచుందురు. 2018 ఏప్రిల్ 28వ తేదీన మణిపూరు రాష్ట్రములోని లైసాంగ్ గ్రామమునకు విద్యుత్తు చేరుటతో దేశములోని జనావాస గ్రామములన్నిటికి అది అందినదని ప్రభుత్వము ప్రకటించెను. ఆమె యొక్క ఒక్క జీవితకాలములోనే ఇంత దూరము నడచితిమి. ఇది సామాన్యమైన విజయము కాదు. ప్రసవవేళ మంత్రసాని చేతిలోని గుడ్డిదీపమును ఎరిగిన వారెవ్వరును ఆ పాతకాలము మరల రావలెనని కోరరు.

ఇచ్చట ఒక విషయమును గమనింపవలెను. విద్యుత్తు వచ్చిన తరువాత కూడ చాలకాలము రాత్రికి ఒక ముగింపు మిగిలియే ఉండెను. ఆ ముగింపును నూనెకు బదులు కార్యక్రమము నిర్ణయించెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము వెలసినది. రాత్రి ప్రసారము ముగియగనే రేడియో శ్రోతలవద్ద సెలవు పుచ్చుకొనెడిది, ఇల్లు నిశ్శబ్దమయ్యెడిది. 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రారంభమైన టెలివిజను తొలినాళ్ళలో వారమునకు రెండు దినములు మాత్రమే కనబడెను. 1965లో గాని దినదిన ప్రసారము రాలేదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహము సాయముతో ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజనును చూపిన ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ పల్లెలును ఉన్నవి. సాయంకాలము ఊరివారందరు ఒక్క పెట్టె ముందు కూర్చుండిరి. కార్యక్రమము ముగియగనే పెట్టెకు తాళము పడెను, జనులు ఇండ్లకు పోయిరి. తెర ఊరిది, ఎవరి పక్కలోనికిని అది రాలేదు.

తెర పక్కలోనికి వచ్చుట మన తరములో జరిగినది. 1995 జూలై 31వ తేదీన కలకత్తానుండి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాటాడిన సంభాషణ మన దేశములో మొట్టమొదటి మొబైలు సంభాషణ. నాటి ఫోను మాటాడుటకే గాని చూచుటకు కాదు. 2007లో వేలితో తాకెడు పెద్ద తెర గల ఫోనులు వచ్చినవి. 2016 తరువాత మన దేశములో డేటా ధర మిక్కిలి తగ్గుటతో ఆ తెరకు అంతులేని సరకు దొరికినది. సెలవు పుచ్చుకొను ప్రసారము ఇందులో లేదు. ఒక దృశ్యము ముగియకమునుపే మరియొకటి సిద్ధముగా నిలుచును. ప్రమిదలో చమురు అయిపోయెడిది, రేడియోలో కార్యక్రమము అయిపోయెడిది. ఫోనులో అయిపోవునది ఏదియు లేదు. బ్యాటరీ అయిపోయినను పక్కనే చార్జరు కలదు.

ఇంతవరకు దీపముయొక్క చరిత్ర. దీనికి సమాంతరముగా శాస్త్రజ్ఞులు మరియొక చరిత్రను వెలికి తీయుచుండిరి. అది మన శరీరములోని గడియారము కథ. 1729లో దే మేరాన్ అను ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి మొక్కను చీకటిలో ఉంచి చూచెను. సూర్యుడు కనబడకున్నను దాని ఆకులు పగటివేళ విచ్చుకొని రాత్రివేళ ముడుచుకొనెను. కాలమానము మొక్కలోపలనే కలదని దీనివలన తరువాతివారు గ్రహించిరి. 1938లో అమెరికాలో నథానియెల్ క్లైట్‌మన్ అను నిద్రాశాస్త్రజ్ఞుడు తన శిష్యునితో కూడ మామత్ గుహలో 32 దినములు సూర్యుని చూడక గడిపి, దినమునకు 28 గంటలుగా జీవింప యత్నించెను. శిష్యుని శరీరము ఆ కొత్త దినమునకు లొంగినది. గురువు శరీరము లొంగలేదు. లోపలి గడియారము సులభముగా మాట వినునది కాదని తెలిసినది. ఆ గడియారము కణములలో ఎట్లు నడచునో వివరించిన హాల్, రోస్‌బాష్, యంగ్ అను ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి లభించెను.

మరి ఈ గడియారమునకు బయటి పొద్దు ఎట్లు తెలియును? 1958లో యేల్ విశ్వవిద్యాలయమున ఆరన్ లెర్నర్ అను వైద్యుడు పశువుల మెదడులోని పీనియల్ గ్రంథులనుండి ఒక ద్రవ్యమును వేరుచేసి దానికి మెలటోనిన్ అని పేరు పెట్టెను. చీకటి పడిన పిమ్మట ఈ ద్రవ్యము రక్తములో పెరుగును, తెల్లవారుసరికి తగ్గును. ఇది మత్తుమందు కాదు. రాత్రి అయినదని శరీరమంతటికి చాటింపు వేయు తలారి వంటిది. తీవ్రమైన వెలుగు మనుష్యులలో ఈ చాటింపును ఆపివేయునని 1980లో ఆల్ఫ్రెడ్ లెవీ మొదలగువారు నిరూపించిరి. 2001లో జరిగిన రెండు పరిశోధనలు మరియొక అడుగు ముందుకు వేసినవి. అన్ని రంగుల వెలుగులకు ఈ శక్తి సమానము కాదు. 460 నానోమీటర్ల ప్రాంతమందలి నీలికాంతికి అది మిక్కుటము. 2002లో కంటిపొరలో, దృశ్యములను చూచుటకు గాక ముఖ్యముగా వెలుగు యొక్క రాకపోకలను మెదడునకు తెలుపుటకై ఉన్న ప్రత్యేక కణములను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. అవి నీలివెలుగునకు ఎక్కువగా స్పందించును.

ఇప్పుడు రెండు చరిత్రలు ఒకచోట కలియుచున్నవి. ఆముదపు దీపము, కిరసనాయిలు బుడ్డి ఇచ్చు వెలుగు ఎర్రన, పచ్చన. అందు నీలిపాలు అత్యల్పము. పగటి ఆకాశపు వెలుగులో నీలిపాలు అధికము. కనుక వేలయేండ్లు మనుష్యుడు రాత్రి దీపము వెలిగించుకొన్నను, ఆ దీపము కంటికి వెలుగునిచ్చెను గాని లోపలి గడియారమునకు పగలని అబద్ధము చెప్పలేదు. నీలికాంతి నిచ్చు డయోడును సాధించినందులకు అకసాకి, అమానో, నకమూరా అను జపానులో జన్మించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించెను. దాని ఆధారముననే తెల్లని ఎల్.ఇ.డి. దీపములు, నేటి తెరలు వచ్చినవి. 2015లో ప్రారంభమైన మన ప్రభుత్వ పథకము క్రింద 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంచబడినవి, విద్యుత్తు ఎంతయో ఆదా అయినది. ఆ మేలును కాదనరాదు. కాని అదే కాంతి అరచేతిలో పట్టి కంటికి జానెడు దూరమున నిలిపిన వస్తువునుండి అర్ధరాత్రి వెలువడునప్పుడు దాని ఫలము వేరు.

ఆ ఫలమును కొలిచిన పరిశోధన ఒకటి 2014 డిసెంబరులో అమెరికాలో ప్రకటింపబడినది. పన్నిద్దరు ఆరోగ్యవంతులగు యువజనులను ప్రయోగశాలలో ఉంచి, ఐదు రాత్రులు నిద్రకు ముందు నాలుగు గంటలు వెలుగు తెరపై పుస్తకము చదివించిరి. మరి ఐదు రాత్రులు అచ్చుపుస్తకము చదివించిరి. తెరనుండి కంటికి చేరిన వెలుగు సుమారు 30 లక్సులు. మసక దీపపు వెలుగున పుస్తకమునుండి చేరినది సుమారు ఒక లక్సు. తెర చదివిన రాత్రులలో మెలటోనిన్ సగమునకు పైగా తగ్గినది. నిద్ర పట్టుటకు సుమారు పది నిమిషములు ఆలస్యమైనది. లోపలి గడియారము మరునాటికి గంటన్నర వెనుకబడినది. ఉదయమున మత్తు వదలుటకు ఎక్కువ సమయము పట్టినది. పది నిమిషములు స్వల్పమే. గంటన్నర స్వల్పము కాదు. ఢిల్లీలో పండుకొని, మరొక దేశపు వేళకు నిద్ర లేచుట వంటిది అది.

నాణెమునకు రెండవ వైపును చెప్పకున్న చరిత్ర చదివినవానికి న్యాయము కాదు. 2016లో స్వీడనులోని ఉప్సలలో, పగలంతయు మంచి వెలుగులో గడిపినవారిచేత రాత్రి రెండు గంటలు తెర చదివింపగా, పుస్తకము చదివిన రాత్రికిని దీనికిని భేదము కనబడలేదు. పగటి వెలుగు సమృద్ధిగా ఉన్న రాత్రి తెర బలము తగ్గునన్నమాట. గదులలో ట్యూబులైట్ల క్రింద పగలంతయు గడిపి, సూర్యుని సెలవు దినములలో మాత్రమే చూచు మనబోటి ఉద్యోగులకు ఇది ఆలోచింపదగిన సంగతి.

అట్లే పాతకాలమున జనులు చీకటి పడగనే పండుకొని పది గంటలు నిద్రించిరనుట కూడ భ్రమయే. 2015లో టాంజానియా, నమీబియా, బొలీవియా దేశములలో విద్యుత్తు లేక జీవించు మూడు జాతులవారిని పరిశీలించిరి. వారి నిద్ర సగటున ఆరున్నర గంటలకు మించలేదు. సూర్యాస్తమయమైన మూడు గంటలకు పైన గాని వారు నిద్రింపలేదు. కాని దీర్ఘకాలపు నిద్రలేమి వారిలో మిక్కిలి అరుదు. వారు ఇంచుమించుగా ఒకే వేళకు లేచెడివారు. భేదము గంటల లెక్కలో కంటె వేళ యొక్క నిలకడలోనే ఎక్కువగా ఉన్నట్లు నాకు తోచుచున్నది.

వెలుగు ఒక్కటియే దోషి కాదు. అర్ధరాత్రి వచ్చిన సందేశములో పై అధికారి అడిగిన ప్రశ్న ఉన్నచో, తెరను ఎంత పసుపురంగునకు మార్చినను నిద్ర రాదు. పిల్లలకు స్నేహితుల మాటలు, ఆటలలో గెలుపోటములు అట్టివే. వెలుగు గడియారమును జరుపును; విషయము మనస్సును పట్టుకొనును. ఈ రెండవదానిని గుర్తించియే ఫ్రాన్సు దేశము 2017 జనవరినుండి, పనివేళల తరువాత ఫోనుకు దూరముగా నుండుటకు ఉద్యోగులకు గల హక్కును చట్టమున చేర్చినది. మన లోక్‌సభలో 2018 డిసెంబరులో ఇట్టి ఉద్దేశముతో ఒక ప్రైవేటు సభ్యుని బిల్లు ప్రవేశపెట్టబడినది గాని అది చట్టము కాలేదు.

చట్టము వచ్చువరకు వేచియుండుట మనబోటివారికి అలవాటే గాని, ఈ విషయమున మొదటి దోషిని నేనే అని ఒప్పుకొనుచున్నాను. గత సంవత్సరము వరుసగా వారము దినములు అర్ధరాత్రి దాటువరకు ఫోనుతో గడిపి, ఒక ఉదయము నేను వ్రాసిన నోటులో సంవత్సరమునే తప్పుగా వేసితిని. నా క్రింది సహోద్యోగి ఒకరు మెల్లగా చూపి దిద్దించిరి గనుక అది దాటిపోయినది. మన సంఘపు ఉగాది సన్నాహములలో రాత్రి పన్నెండు గంటలకు సందేశములు పంపినవారిలోను నేనొకడను. ఆ సందేశములచే నిద్ర చెడిన సభ్యులందరిని ఇందుమూలముగా క్షమాపణ వేడుచున్నాను. మా అమ్మాయి వయస్సువారికి ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. ఆమెకు నేను ఉపన్యాసములు ఇచ్చుచు, ఉపన్యాసము ముగియగనే నా ఫోను చూచుకొనుచుంటిని. పిల్లలు మాట వినరు; చూచి నేర్చుకొందురు.

ఇప్పుడు మా ఇంట ఒక చిన్న ఏర్పాటు కలదు. రాత్రి పది గంటలకు ఫోనులన్నియు ముందుగదిలోని వెదురుబుట్టలో పడవలెను. ఉదయము లేపుటకు పాత అలారము గడియారమును బాగుచేయించితిని. మొదటి వారము అమ్మాయికంటె నాకే కష్టమైనది; రెండు మారులు బుట్ట దగ్గరకు పోయి పట్టుబడితిని. ఉదయమున పది నిమిషములు ముందుగా బయలుదేరి, వెలుగున నడచి బస్సు స్టాపునకు పోవుచున్నాను. 2013లో అమెరికాలో ఎనమండుగురిని ఒక వారము పర్వతప్రాంతమున గుడారములలో ఉంచి, సూర్యుని వెలుగు, నెగడు వెలుగు తప్ప మరియొకటి లేకుండ చేయగా వారి లోపలి గడియారము రెండు గంటలు ముందుకు జరిగి సూర్యునితో కలిసినదట. గుడారమునకు పోవుటకు మనకు సెలవు దొరకదు. కాని చెడిన గడియారము ఒక్క వారములో దారికి రాగలదని తెలియుట ధైర్యము నిచ్చును.

రాత్రికి పూర్వము చమురు ముగింపు చెప్పినది, తరువాత ప్రసారము ముగింపు చెప్పినది. నేడు చెప్పువారు లేరు గనుక ఆ పని మన చేతిదే అయినది. ఈ సంక్రాంతికి మా తల్లిగారు మరల వచ్చుచున్నారు. ఈసారి రాత్రి మంచినీళ్ళకు లేచినప్పుడు నడవలో ఆమెకు దారి కనబడునట్లు ఒక చిన్న పసుపుపచ్చని బెడ్‌లైటు మాత్రము వెలుగుచుండును.